పరిశ్రమల్లో వాయువుల లీకేజీ – గుర్తింపు, వేరుపరచడం, హెచ్చరిక: తెలుగునేల అనుభవాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

భారీ పరిశ్రమలలోను, వాయువును మోసుకుపోయే గొట్టపుమార్గాలలోను లీకేజీని ఎలా గుర్తిస్తారు, లీకైన భాగాన్ని మిగిలిన వ్యవస్థ నుండి ఎలా వేరుపరుస్తారు అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. 2014లో కోనసీమలోని నగరం గ్రామంలోను, 2020లో విశాఖపట్నం సమీపంలోని వెంకటాపురంలోను జరిగిన ప్రమాదాలను ఈ దృష్టితో పరిశీలిస్తుంది. గుర్తింపు, వేరుపరచడం అనే రెండు సాంకేతిక దశలకు ప్రజలకు అర్థమయ్యే హెచ్చరిక అనే మూడవ దశ తోడు కావాలని, ఆ దశలో తెలుగు భాషాధ్యయనానికి నిర్దిష్టమైన పాత్ర ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాయువు, లీకేజీ, గొట్టపుమార్గం, వాల్వు, మత్తడి, తూము, నగరం, స్టైరీన్, హెచ్చరిక, పరిభాష.

1. ప్రస్తావన:

తెలుగునేలపై పారిశ్రామిక వాయువుల చరిత్రను ప్రమాదాల తేదీలతో గుర్తుపెట్టుకోవలసి రావడం విచారకరం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావి నుండి వాయువు ఎగజిమ్మి అంటుకుంది. ఆ మంట 65 రోజుల పాటు ఆరలేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నంలోని హెచ్‌పీసీఎల్ చమురుశుద్ధి కర్మాగారంలో వంటగ్యాసు లీకై పేలుడు సంభవించింది. సుమారు 60 మంది మరణించారు. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ గొట్టపుమార్గం, 2020 మే 7న వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ఈ వరుసలో చేరాయి.

ఇవన్నీ కోస్తా ప్రాంతపు ఘటనలు కాబట్టి తెలంగాణకు ఈ విషయంతో సంబంధం లేదనుకోవడం సరికాదు. రామగుండంలో ఒకప్పటి ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం బొగ్గు ఆధారంగా నడిచి 1999లో మూతపడింది. దాని స్థానంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021 నుండి సహజవాయువుతో పనిచేస్తున్నది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దాని ఉత్పత్తి సామర్థ్యం. ఆ సహజవాయువు గొట్టపుమార్గం ద్వారానే అక్కడికి చేరుతుంది. పట్టణాలలో ఇంటింటికీ గొట్టాల ద్వారా వంటగ్యాసు సరఫరా కూడా విస్తరిస్తున్నది. కనుక ఈ విషయాన్ని ఇంజనీర్లతోపాటు సామాన్య పౌరులు, వారికి పాఠం చెప్పే అధ్యాపకులు కూడా తెలుసుకోవలసి ఉంది.

2. వాయువు స్వభావం:

ఏ వాయువు లీకైందో తెలియకుండా ఎక్కడ వెతకాలో, ఎటు పోవాలో చెప్పలేం. ఇందులో మూడు అంశాలు ముఖ్యమైనవి.

మొదటిది బరువు. గాలి సగటు అణుభారం సుమారు 29. సహజవాయువులో ప్రధానభాగమైన మీథేన్ అణుభారం 16. అందువల్ల అది పైకి లేస్తుంది. వంటగ్యాసులోని ప్రొపేన్ 44, బ్యూటేన్ 58. ఇవి నేలబారుగా పాకి కాలువలలో, గుంతలలో, నేలమాళిగలలో చేరతాయి. స్టైరీన్ అణుభారం 104 కాబట్టి దాని ఆవిరి గాలికంటే దాదాపు మూడున్నర రెట్లు బరువు. అమ్మోనియా అణుభారం 17 అయినా, ద్రవరూపంలో నిలవ ఉన్నది ఒక్కసారిగా బయటపడినప్పుడు చల్లని తుంపరలతో కలిసి మొదట నేలను అంటిపెట్టుకొనే సాగుతుంది.

రెండవది మండే అవధి. మీథేన్ గాలిలో 5 నుండి 15 శాతం ఉన్నప్పుడే మండుతుంది. ఐదు శాతానికి లోపు అంటుకోదు, పదిహేను దాటితే గాలి చాలక మండదు. అయితే పదిహేను దాటిన మేఘం అంచులలో పలచబడి ప్రమాదకరమైన అవధిలోకి వస్తూనే ఉంటుంది. అందువల్ల ‘ఎక్కువ వాయువు ఉంది, అంటుకోదు’ అనే భరోసా ఎక్కడా పనికిరాదు.

మూడవది వాసన. మీథేన్‌కు వాసన లేదు. ఇళ్లలోని సిలిండరు గ్యాసుకు ఉండే ఘాటైన వాసన దానిలో కావాలని కలిపే మెర్‌క్యాప్టన్‌ది. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన కోడిగుడ్ల వాసన ఉంటుంది. కాని మోతాదు పెరిగిన కొద్దీ అది ఘ్రాణశక్తినే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిందంటే వాయువు పోయిందని కాదు, కొన్నిసార్లు ప్రమాదం పెరిగిందని అర్థం. మనిషి ముక్కు ఉపయోగకరమైన సాధనమే కాని, దానినే నమ్ముకోరాదన్నది ఈ శాస్త్రపు తొలి పాఠం.

3. గుర్తించే పద్ధతులు:

3.1 కర్మాగారంలో: కర్మాగారం ఆవరణలో స్థిరంగా అమర్చే డిటెక్టర్లు పలురకాలు. వేడిచేసిన చిన్న పూసపై మండే వాయువు దహనమైనప్పుడు కలిగే ఉష్ణోగ్రత మార్పును కొలిచేది ఒక రకం. ఇది పనిచేయడానికి ఆక్సిజన్ కావాలి. సిలికోన్ వంటి పదార్థాలు తగిలితే పూస పాడైపోయి, పైకి బాగానే కనబడుతూ వాయువును పసిగట్టలేని స్థితికి చేరుతుంది. పరారుణ కిరణాలను వాయువు ఎంత పీల్చుకుంటుందో చూసేది రెండవ రకం. దీనికి ఆక్సిజన్ అక్కరలేదు. కాని హైడ్రోజన్ పరారుణ కిరణాలను పీల్చుకోదు కాబట్టి అక్కడ ఇది నిరుపయోగం. విషవాయువుల స్వల్ప మోతాదును పట్టడానికి విద్యుత్ రసాయన సెల్లులు వాడతారు. అధిక ఒత్తిడితో చిమ్మే వాయువు చేసే, మన చెవికి వినబడని ధ్వనిని పట్టే పరికరాలు మరొక రకం. గాలి వీచి వాయువు డిటెక్టరును చేరకపోయినా ఇవి లీకేజీని గుర్తించగలవు.

ఎంత మంచి పరికరమైనా సరైన చోట లేకపోతే వృథా. మీథేన్‌కు పైన, వంటగ్యాసుకు నేలకు దగ్గరగా డిటెక్టరు ఉండాలి. సాధారణంగా మండే అవధి కనిష్ఠస్థాయిలో 20 శాతం చేరగానే తొలి హెచ్చరిక, 40 నుండి 60 శాతం మధ్య రెండవ హెచ్చరిక వచ్చేటట్లు అమరుస్తారు. అంటే మీథేన్ విషయంలో గాలిలో ఒక శాతం ఉండగానే గంట మోగాలి. ఒక్క డిటెక్టరు పొరపాటుకు కర్మాగారం మొత్తం ఆగిపోకుండా, మూడింటిలో రెండు ఒప్పుకుంటేనే స్వయంచాలకంగా మూసివేత జరిగే ఏర్పాటు ముఖ్యమైన చోట్ల ఉంటుంది.

3.2 గొట్టపుమార్గంలో: వందల కిలోమీటర్ల పొడవున డిటెక్టర్లు పెట్టడం సాధ్యం కాదు. అక్కడ లెక్క ఆధారంగా వెతుకుతారు. ఒక కొస నుండి ఎంత వాయువు పంపారు, మరొక కొసలో ఎంత చేరింది అన్న జమాఖర్చు మొదటి పద్ధతి. దీనికి పరిమితి ఉంది. రోజుకు పది లక్షల ఘనపు మీటర్ల వాయువు పోయే మార్గంలో మీటర్ల కొలతలో ఒక శాతం తేడా ఉంటే, రోజుకు పదివేల ఘనపు మీటర్ల లీకేజీ ఆ తేడాలో దాక్కోగలదు. కాబట్టి పెద్ద పగులు వెంటనే తెలుస్తుంది గాని, చిన్న రంధ్రం తెలియదు.

రెండవది ఒత్తిడి తరుగుదల తరంగం. గొట్టం పగిలిన క్షణంలో ఒత్తిడి తగ్గిన అల రెండువైపులా ధ్వనివేగంతో ప్రయాణిస్తుంది. సహజవాయువులో ఆ వేగం సెకనుకు సుమారు 400 మీటర్లు. ఉదాహరణకు రెండు స్టేషన్ల మధ్యదూరం 30 కిలోమీటర్లు అనుకుందాం. మొదటి స్టేషన్‌కు అల చేరిన 20 సెకన్ల తరువాత రెండవ స్టేషన్‌కు చేరితే, ఆ 20 సెకన్లలో అల 8 కిలోమీటర్లు నడిచినట్లు. 30లో 8 తీసివేసి సగం చేస్తే 11. పగులు మొదటి స్టేషన్‌కు 11 కిలోమీటర్ల దూరంలో, రెండవదానికి 19 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఈ పద్ధతి ఒక్కసారిగా పడిన పగులును పట్టినంత బాగా నెమ్మదిగా పెరిగే తుప్పు రంధ్రాన్ని పట్టలేదు.

కాబట్టి లీకేజీ కాకముందే గొట్టం ఆరోగ్యాన్ని పరీక్షించడం మూడవ పద్ధతి. ‘పిగ్’ అనే పరికరాన్ని గొట్టం లోపలికి పంపి, అయస్కాంత క్షేత్రంలోని తేడాల ఆధారంగా లోహం ఎక్కడ పలచబడిందో తెలుసుకుంటారు. ఇన్ని పద్ధతులు వచ్చినా మార్గం వెంట మనిషి నడిచి చూసే గస్తీ నేటికీ తప్పలేదు. పచ్చని చేలో ఒకచోట మొక్కలు ఎండిపోవడం, నిలవనీటిలో బుడగలు రావడం, బుస్సుమనే చప్పుడు వంటివి నడిచే మనిషికి, ఆ పొలం రైతుకు తెలిసినంత త్వరగా కంట్రోల్ రూముకు తెలియవు.

4. వేరుపరచడం:

లీకేజీ తెలిసిన తరువాతి పని ఆ భాగానికి రాకపోకలను ఆపడం. దీనిని అర్థం చేసుకోవడానికి ఓరుగల్లు ప్రాంతపు చెరువు కంటే మంచి ఉపమానం దొరకదు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల చెరువులను చూసినవారికి కట్ట, తూము, మత్తడి అనే మూడు మాటలు తెలుసు. కట్ట నీటిని నిలుపుతుంది. తూము మూస్తే నీరు ఆగుతుంది. నీరు మితిమీరితే కట్ట తెగకుండా మత్తడి దూకి పోతుంది. కట్టకు బుంగ పడిందా అని చూసే బాధ్యత నీరటిది. వాయువ్యవస్థలో గొట్టం, ట్యాంకు కట్ట వంటివి. వాల్వు తూము వంటిది. ఒత్తిడి మితిమీరినప్పుడు తెరుచుకొనే రక్షణవాల్వు, దాని నుండి వచ్చిన వాయువును ఎత్తున కాల్చివేసే మంటస్తంభం మత్తడి వంటివి. గస్తీ మనిషి నీరటి.

ఈ ఉపమానానికి ఒక హద్దు ఉంది. నీటిని ఒత్తిడితో నొక్కి చిన్నదిగా చేయలేం, వాయువును చేయగలం. అందుకే వాల్వు మూసిన తరువాత కూడా లీకేజీ వెంటనే ఆగదు. గొట్టపుమార్గాలలో మధ్యమధ్య వాల్వులు పెట్టి భాగాలుగా విడగొడతారు. జనావాసం ఎంత దట్టంగా ఉంటే వాల్వులు అంత దగ్గరగా ఉండాలి. అంతర్జాతీయంగా అనుసరించే ప్రమాణం ప్రకారం జనం లేని చోట 32 కిలోమీటర్లకు, అత్యంత దట్టమైన చోట 8 కిలోమీటర్లకు ఒకటి ఉండాలి. 18 అంగుళాల గొట్టంలో 40 బార్ల ఒత్తిడి వద్ద, 16 కిలోమీటర్ల దూరంలోని రెండు వాల్వులూ మూశామనుకుందాం. వాటి మధ్య మిగిలిన వాయువు బయటికి వస్తే సుమారు లక్ష ఘనపు మీటర్లు అవుతుంది. వాల్వు మూయడం ప్రమాదానికి హద్దు గీస్తుంది. ఆ హద్దు లోపల ఉన్నవారిని మాత్రం వెంటనే తరలించవలసిందే.

కర్మాగారాలలో దూరం నుండి మూసే అత్యవసర వాల్వులు ఉంటాయి. ఇవి స్ప్రింగు బలంతో మూసుకొనేటట్లు, గాలి ఒత్తిడితో తెరిచి ఉండేటట్లు తయారుచేస్తారు. కరెంటు పోయినా, గాలి సరఫరా తెగినా వాల్వు తనంతట తానే మూసుకుంటుంది. వ్యవస్థ చెడితే సురక్షితమైన వైపుకే చెడాలన్నది ఇందులోని సూత్రం. మరమ్మతు కోసం వేరుపరచేటప్పుడు ఒక్క వాల్వును నమ్మరు. రెండు వాల్వులు మూసి, వాటి మధ్యభాగాన్ని బయటికి తెరిచి ఉంచుతారు. లేదా గొట్టం మధ్యలో గట్టి లోహపు బిళ్ళను బిగిస్తారు.

5. రెండు ఘటనలు – రెండు పాఠాలు:

5.1 నగరం (2014): తాటిపాక నుండి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి వాయువును తీసుకుపోయే 18 అంగుళాల గొట్టపుమార్గం నగరం గ్రామం గుండా వెళ్ళేది. జూన్ 27 తెల్లవారుజామున అది పగిలి, వెలువడిన వాయువు ఊరిమీద పరుచుకొని అంటుకున్నది. ఒక టీకొట్టులో పొయ్యి వెలిగించడంతో నిప్పు రాజుకున్నదని ఆనాటి పత్రికలు రాశాయి. 20 మందికి పైగా మరణించారు. ఇళ్ళు, కొబ్బరితోటలు కాలిపోయాయి.

కేంద్ర పెట్రోలియం మంత్రిత్వశాఖ విచారణలో తేలిన ముఖ్యకారణం గొట్టం లోపలి తుప్పు. పొడివాయువు కోసం వేసిన మార్గంలో తేమ ఉన్న వాయువును పంపారు. తేమను తీసివేసే యూనిట్ ఏర్పాటు కాలేదు. వాయువులోని కార్బన్ డయాక్సైడ్ వంటివి నీటిలో కరిగి ఆమ్లగుణాన్ని పొంది, గొట్టం అడుగుభాగాన నిలిచి లోహాన్ని తింటాయి. అంతకుముందు కూడా ఆ మార్గంలో లీకేజీలు రాగా పైపైన బిగింపులతో సరిచేశారు. గ్యాసు వాసన వస్తున్నదని తాము ముందే చెప్పామని గ్రామస్థులు అన్నట్లు వార్తలు వచ్చాయి.

కట్టకు ఒకచోట బుంగ పడితే దానిని పూడ్చి ఊరుకోకుండా, కట్ట మొత్తం ఎందుకు మెత్తబడిందో చూడాలన్నది నీరటికి తెలిసిన విషయమే. చిన్న లీకేజీని మరమ్మతు పనిగా కాక, వ్యవస్థ చెబుతున్న సమాచారంగా గ్రహించకపోవడమే నగరంలో జరిగిన లోపం.

5.2 వెంకటాపురం (2020): లాక్‌డౌన్ కారణంగా ఆగిన కర్మాగారంలోని ట్యాంకులో ద్రవ స్టైరీన్ నిలవ ఉండిపోయింది. స్టైరీన్ అణువులు తమలో తాము గొలుసుకట్టుగా కలిసిపోయే గుణం కలవి. ఆ కలయికలో వేడి పుడుతుంది, వేడి పెరిగితే కలయిక మరింత వేగవంతమవుతుంది. దీనిని ఆపడానికి ట్యాంకును చల్లగా ఉంచి, టీబీసీ అనే నిరోధక రసాయనాన్ని కలుపుతారు. మే 7 తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ఈ చర్య అదుపు తప్పి, ఆవిరి ట్యాంకు పైభాగం నుండి వెలువడి నిద్రిస్తున్న ఊరిమీదికి పాకింది. 12 మంది మరణించారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది. అందులోని రెండు అంశాలు మన చర్చకు సంబంధించినవి. ట్యాంకు ఉష్ణోగ్రతను కొలిచే సాధనం అడుగుభాగాన మాత్రమే ఉంది. వేడెక్కిన ద్రవం పైకి చేరుతుంది కాబట్టి కింది అంకె చల్లగా కనబడుతుండగానే పైన ప్రమాదం పెరిగింది. పరికరం అబద్ధం చెప్పలేదు, అడగవలసిన చోట దానిని అడగలేదు. రెండవది, సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా ఏ ఒక్కచోటా దానిని ఉపయోగించలేదు.

ఇక్కడ వేరుపరచడం గురించి ఒక సూక్ష్మమైన విషయం గమనించాలి. నగరంలో వాల్వు మూయడం పరిష్కారంలో భాగం. వెంకటాపురంలో ఆవిరి వెలువడే మార్గాన్ని మూస్తే ట్యాంకే పేలిపోయేది. మత్తడిని మూసి చెరువును కాపాడలేం కదా. అక్కడ ఆపవలసింది ప్రవాహాన్ని కాదు, చర్యను. అందుకే గుజరాత్‌లోని వాపి నుండి నిరోధక రసాయనాన్ని విమానంలో తెప్పించవలసి వచ్చింది. ప్రవాహాన్ని ఆపలేని ఇటువంటి సందర్భాలలో మనుషులను వేరుపరచడమే మిగిలిన మార్గం. దానికి కావలసినది హెచ్చరిక. సైరన్ మౌనం అంత ఖరీదైనది కావడానికి కారణం ఇదే.

6. హెచ్చరిక – తెలుగు మాట:

1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలలోని 15వ నియమం, భారీ ప్రమాదానికి గురికాగల పరిసరవాసులకు ముందే సమాచారం ఇవ్వాలని చెబుతుంది. ఈ ప్రమాదాల కాలంలో అమలులో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్, కర్మాగారంలో ప్రదర్శించే నోటీసులు ఇంగ్లీషుతోపాటు అధికసంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నది. అంటే తెలుగు ఇక్కడ అభిమాన విషయం కాదు, చట్టబద్ధమైన అవసరం. అయితే తెలుగులో రాసినంత మాత్రాన అర్థమైనట్లు కాదు.

‘వాయు నిస్సరణ సంభవించిన యెడల గాలి దిశకు లంబముగా నిష్క్రమించవలెను’ అన్న తరహా వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. కాని తెల్లవారుజామున కళ్ళు మండుతూ లేచినవారికి అది పనికిరాదు. ‘గాలికి అడ్డంగా వెళ్ళండి’ అంటే గాలిని అడ్డగించమని కూడా అర్థం వస్తుంది. ‘గాలికి ఎదురు వెళ్ళండి’ అన్న సూచన లీకైన చోటికే తీసుకుపోవచ్చు. ఊరివారికి దిక్కుల కంటే గుడి, బడి, చెరువుకట్ట వంటి గుర్తులు త్వరగా తెలుస్తాయి. ‘ఫ్యాక్టరీలో గ్యాసు లీకైంది. బడి వైపు నడవండి. బండి స్టార్టు చేయవద్దు. స్విచ్చి వేయవద్దు, ఆపవద్దు’ అన్న నాలుగు చిన్న వాక్యాలు ఎక్కువ పనిచేస్తాయి. బరువైన ఆవిరి అయితే ‘పల్లంలోకి దిగవద్దు’ అన్న మాట చేర్చాలి.

సమాచారం ప్రజల నుండి కర్మాగారానికి పోయేటప్పుడు కూడా భాషే ఆధారం. లీకేజీ అన్న ఒక్క మాటకు బదులు తెలుగులో ఊరడం, కారడం, చిమ్మడం, ఎగజిమ్మడం అనే క్రియలున్నాయి. వాటిలో తీవ్రత క్రమంగా పెరుగుతుంది. ‘వాసన వస్తోంది’, ‘బుస్సుమని చప్పుడొస్తోంది’, ‘నీళ్ళలో బుడగలొస్తున్నాయి’ అన్నవి మూడు వేర్వేరు సాంకేతిక సమాచారాలు. ఫోను అందుకొనే ఉద్యోగి వీటి తేడాను గ్రహించి నమోదు చేయగలిగితే, జమాఖర్చు లెక్కలో దాక్కున్న చిన్న రంధ్రం అక్కడే బయటపడుతుంది.

పరిభాష విషయంలోనూ వివేచన అవసరం. వాల్వుకు ‘కవాటం’ అని పాఠ్యపుస్తకాలలో ఉంది. అది గుండె పాఠంలో నిలిచింది గాని, కర్మాగారంలో వాల్వు అన్న మాటే తెలుగైపోయింది. దానిని మార్చనక్కరలేదు. ‘ఐసొలేషన్’ పరిస్థితి వేరు. కరోనా కాలంలో ఆ మాట రోగిని విడిగా ఉంచడమన్న అర్థంలో ఇంటింటికీ చేరింది. గొట్టం విషయంలో ‘లైను వేరుచేశాం’, ‘ఇరువైపులా మూశాం’ అనడమే స్పష్టం. పరాయి మాట వాడుకలో నిలిచినచోట దానిని ఉంచుకోవడం, గందరగోళం కలిగించేచోట దేశీయమైన మాటను ముందుకు తేవడం ఇక్కడ అనుసరించదగిన నియమం.

7. ముగింపు:

పై పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి.

1. లీకేజీని గుర్తించే ప్రతి పద్ధతికీ ఒక గుడ్డిచోటు ఉంది. పరికరాలు, లెక్కలు, గస్తీ ఒకదానికొకటి తోడుగా ఉండాలి.

2. వేరుపరచడం అంటే అన్నివేళలా వాల్వు మూయడం కాదు. ఏది ఆపాలి, దేనికి దారి వదలాలి అన్న నిర్ణయం ఆ పదార్థపు స్వభావాన్ని బట్టి ముందే జరిగి ఉండాలి.

3. నగరంలో చిన్న లీకేజీలు చెప్పిన సంగతిని పట్టించుకోలేదు. వెంకటాపురంలో కొలవవలసిన చోట కొలవలేదు, మోగవలసిన సైరన్ మోగలేదు. రెండుచోట్లా నష్టపోయినవారు ఆ సమాచారం చేరని ఇరుగుపొరుగువారే.

4. పరిసర గ్రామాల ప్రజలకు ఇచ్చే హెచ్చరికల రచన భాషాపరమైన పని. పరిశ్రమలు ఉన్న జిల్లాల కళాశాలల తెలుగుశాఖలు రసాయనశాస్త్ర శాఖలతో కలిసి, ఆయా ఊళ్ళ గుర్తులతో, ఆయా ఊళ్ళ మాటలలో హెచ్చరిక వాక్యాలను రూపొందించి, గ్రామస్థులకు వినిపించి, ఏ వాక్యాన్ని ఎలా అర్థం చేసుకున్నారో పరీక్షించవచ్చు. ఇది పరిశోధకులు చేపట్టదగిన క్షేత్రాధ్యయనం.

చెరువుకట్టకు బుంగ పడినప్పుడు చూసినవాడు కేక వేస్తే ఊరంతా కదిలేది. ఆ కేకలోని మాట అందరిదీ కాబట్టే అది సాధ్యమైంది. గొట్టాలు మన పొలాల కిందికి, ఇళ్ళలోకి వచ్చిన ఈ కాలానికి అటువంటి ఉమ్మడి మాటను సిద్ధం చేయవలసిన బాధ్యత ఇంజనీర్లతోపాటు మనపైన కూడా ఉంది.